చిక్కడపల్లి పెళ్ళి స్టూడియో, 3,80,000 ఫొటోలు: లైట్‌రూమ్ నుంచి డిజికామ్‌కి మారిన కేసు

2024 జూన్‌లో ఒకరోజు పొద్దున్నే ఏడింటికి చిక్కడపల్లి నుంచి ఫోన్ వచ్చింది. "తమ్ముడూ, ఫొటోలన్నీ లాక్ అయిపోయినయ్. జల్ది రా" అన్నాడు అవతలి మనిషి. ఇరవై ఏళ్ళుగా అక్కడ పెళ్ళి స్టూడియో నడుపుతున్న ఓనర్ ఆయన. ఇక్కడ కూడా అన్న అనే రాస్తాను, నేను పిలిచేదీ అదే కాబట్టి. సిటీలో చిన్నా పెద్దా స్టూడియోలకు కంప్యూటర్లు, స్టోరేజ్, బ్యాకప్ చూసిపెట్టడం నా పని. "లాక్ అయిపోయాయి" అనే మాట వినగానే మొదట వైరస్ అనుకుని బండి తీశాను.

వైరస్ కాదు. స్టూడియోలో ఒక కుటుంబం కూర్చుని ఉంది. 2017లో వాళ్ళమ్మాయి పెళ్ళి ఫొటోలు ఇక్కడే తీయించుకున్నారు. పెళ్ళికూతురి తాతగారు పోయారు. దశదిన కర్మకి ఫ్లెక్సీ వేయించాలి, ఇంట్లో పటం కట్టించాలి. పెద్దాయన ఒక్కరే బాగా పడిన ఫొటో ఎక్కడా లేదు, ఆ పెళ్ళిలో తప్ప. ఫొటోలు సర్దిపెట్టుకుని ఎడిట్ చేసుకునే అడోబీ వాళ్ళ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్. ఎడిటర్ కుర్రాడు దాన్ని తెరిస్తే సబ్‌స్క్రిప్షన్ అయిపోయిందని వచ్చింది. ఎడిటింగ్ చేసే భాగం నొక్కితే తెరుచుకోవడం లేదు. కారణం కూడా ఇంట్లోదే. డబ్బు కట్టే కార్డు గడువు మే నెలలో ముగిసింది. గుర్తుచేసే మెయిళ్ళన్నీ మూడేళ్ళ క్రితం మానేసి వెళ్ళిపోయిన పాత ఎడిటర్ తెరిచిన అకౌంట్‌కి పోతున్నాయి. ఆ ఇన్‌బాక్స్‌ని ఎవరూ చూడలేదు.

ఇలాంటి టెన్షన్‌లో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. లైట్‌రూమ్ క్లాసిక్‌కి చందా ఆగిపోతే మూతపడేవి ఎడిటింగ్ చేసే డెవలప్ భాగం, మ్యాప్ భాగం. లైబ్రరీ తెరుచుకుంటుంది, వెతకొచ్చు, ఎక్స్‌పోర్ట్ కూడా చేసుకోవచ్చు. ఫొటోలు ఎటూ పోవు, అవి మన హార్డ్ డిస్క్‌లోనే ఉంటాయి. నేను చేసిందల్లా 2017 మే ఫోల్డర్ తెరిచి, వధూవరుల మీద అక్షింతలు వేస్తున్న తాతగారి ఫొటో పట్టుకుని, పాత ఎడిట్‌తో సహా జేపెగ్ తీసి ఇవ్వడమే. ఇరవై నిమిషాల పని.

వాళ్ళు వెళ్ళాక అన్న చాయ్ తెప్పించి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు. "ఇయ్యాల్నంటే దొరికింది. రేపు నేను కట్టుడు బంద్ జేస్తే, పదేండ్ల పని ఎవనిది?"

ఆ ప్రశ్నకు జవాబే ఈ కేసు. ఆ ఏడు వేసవిలో మౌఢ్యం వల్ల ముహూర్తాలు లేక స్టూడియోకి పని లేదు. పని లేని నెలల్లోనూ మూడు లైసెన్సుల బిల్లు మాత్రం ఆగలేదు. వెనకాల ఆషాఢం రాబోతోంది. అంటే ఇంకో నెల ఖాళీ. డబ్బు బాధ ఉంది, భయం ఉంది, తీరిక కూడా ఉంది. మూడూ ఒకేసారి కుదరడం అరుదు. సీజన్ మధ్యలో ఈ పని అడిగి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

ముందు లెక్క చూశాం

మొదటి మూడు రోజులు ఏ కొత్త సాఫ్ట్‌వేర్ గురించీ మాట్లాడొద్దని షరతు పెట్టాను. ఎడిటర్లిద్దరూ అప్పటికే యూట్యూబ్‌లో వీడియోలు చూసి, ఏది బాగుందో వాదించుకోవడం మొదలుపెట్టారు. అసలు మన దగ్గర ఏముందో తెలియకుండా ఎక్కడికి మారాలో తేల్చలేం.

తేలింది ఇది. మూడు కంప్యూటర్లు, మూడు కేటలాగ్‌లు (కేటలాగ్ అంటే లైట్‌రూమ్ ఫొటోల వివరాలు రాసుకునే రిజిస్టర్). పెద్దదాంట్లో 2,91,000 ఫొటోలు, రెండోదాంట్లో 64,000, ల్యాప్‌టాప్‌లో 25,000. కలిపి 3,80,000 దాకా, సుమారు 10 టీబీ. వీటిలో 1,140 ఫొటోల మీద ప్రశ్న గుర్తు ఉంది. అంటే కేటలాగ్‌కి వాటి గురించి తెలుసు గానీ ఫైల్ ఎక్కడుందో తెలియదు. ఎవరో ఫోల్డర్‌ని విండోస్‌లోనే లాగి వేరేచోట పడేశారు, లేదా డిస్క్ మార్చారు. దాదాపు వెయ్యింటిని రెండు రోజుల్లో వెతికి పట్టుకున్నాం. మిగతావి కొన్ని పాత ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో ఉన్నాయన్నారు.

స్టూడియోకి ఇది రెండో వలస. లైట్‌రూమ్‌కి ముందు కస్టమర్లకు ఫొటోలు చూపించడానికి పికాసా వాడేవారు. గూగుల్ 2016లో దాన్ని ఆపేసింది. అందులో వదిన, అంటే అన్న భార్య, వందల మొహాలకు పేర్లు రాసిపెట్టింది. ఆ పేర్లలో ఎక్కువ భాగం ఫొటో ఫైళ్ళలో కాకుండా కంప్యూటర్‌లో వేరే ఫైళ్ళలో ఉండిపోయాయి. కంప్యూటర్ ఫార్మాట్ చేసినప్పుడు వాటిని ఎవరూ కాపీ చేసుకోలేదు. పేర్లు పోయాయి. "మళ్ళీ రాయమంటే నేను రాయను బాబూ, ముందే చెప్తున్నా" అని వదిన మొదటి రోజే తేల్చేసింది. నా పనికి అంతకన్నా మంచి కొలబద్ద నాకు దొరకలేదు. వదిన రాసిన ఒక్క అక్షరం కూడా మళ్ళీ రాయాల్సిన పని పడకూడదు.

కేటలాగ్‌లో ఏముంది, ఫొటో దగ్గర ఏముంది

ఈ మొత్తం పనిలో బుర్ర పెట్టాల్సింది ఇక్కడే, కాబట్టి కాస్త విడమరిచి రాస్తాను.

లైట్‌రూమ్ కేటలాగ్ అంటే ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్, అంటే ఒకే ఫైల్‌లో ఇమిడిపోయే చిన్న డేటాబేస్. ఫొటోలు అందులో ఉండవు. ఏ ఫొటో ఎక్కడుంది, ఎన్ని స్టార్లు, ఏ కీవర్డ్, ఏ స్లైడర్ ఎంత జరిపాం అనే వివరాలుంటాయి. ఈ వివరాలను ఫొటో పక్కనే చిన్న ఎక్స్‌ఎంపీ ఫైల్‌గా కూడా రాయించవచ్చు. జేపెగ్, డీఎన్‌జీ రకం ఫొటోలైతే ఆ ఫైల్ లోపలే రాస్తుంది. ఎక్స్‌ఎంపీ అడోబీ 2001లో తెచ్చినదే అయినా 2012 నుంచి ఐఎస్‌ఓ ప్రమాణం కూడా. ఏ కంపెనీ సాఫ్ట్‌వేరైనా చదవొచ్చు. చిక్కేమిటంటే, మార్పులు ఎప్పటికప్పుడు ఎక్స్‌ఎంపీలోకి వెళ్ళే సెట్టింగ్ లైట్‌రూమ్‌లో మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఈ స్టూడియోలో తొమ్మిదేళ్ళుగా ఆఫ్‌లోనే ఉంది. అన్న అడిగిన "ఎవనిది" అనే మాటకు అసలు కారణం బిల్లు కాదు, ఈ ఒక్క టిక్కు.

అన్నకి ఇది అర్థమయ్యేలా చెప్పడానికి మన ఊరి ఉదాహరణే పనికొచ్చింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్‌కి సికింద్రాబాద్‌లో స్టూడియో ఉండేది. ఆయన గాజు నెగటివ్‌ల మీదే నంబరు, పేరు రాసేవారు. ప్రింట్‌లో కూడా మూలన ఆ రాత కనబడుతుంది. 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం తీసుకున్న ఆయన నెగటివ్‌లు 2,857. రిజిస్టర్ ఎటుపోయినా గాజు పలక తన నంబరు తనే చెబుతుంది. "మన దగ్గర నంబర్లన్నీ రిజిస్టర్‌లోనే ఉన్నయంటవ్" అన్నాడు అన్న. అంతే.

ఇక అందరూ పొరపాటు పడే చోటు. సేవ్ మెటాడేటా (ఫొటో వివరాలను సేవ్ చేయడం) నొక్కగానే అంతా ఎక్స్‌ఎంపీలోకి వచ్చేస్తుందనుకుంటారు. రాదు. స్టార్లు, కీవర్డ్‌లు, క్యాప్షన్, కలర్ లేబుల్, మొహాల చుట్టూ గీసిన చతురస్రాలు వస్తాయి. స్లైడర్లు కూడా వస్తాయి గానీ అవి లైట్‌రూమ్ భాషలోనే ఉంటాయి. కలెక్షన్లు, అంటే మనం కట్టుకున్న ఫొటోల జాబితాలు, రావు. వర్చువల్ కాపీలు, అంటే ఒకే ఫొటోకి ఫైల్ లేకుండా చేసుకున్న రెండో ఎడిట్‌లు, రావు. స్టాక్‌లు, అంటే ఒకదాని కింద ఒకటి పేర్చుకున్న ఫొటోలు, రావు. వీళ్ళు వాడుతున్నది అప్‌డేట్ చేయని పాత వెర్షన్, అందులో పిక్, రిజెక్ట్ జెండాలు కూడా రాలేదు. సీనియర్ ఎడిటర్ మొదటి వడపోత అంతా జెండాలతోనే చేస్తాడు. అంటే అతని తొమ్మిదేళ్ళ కంటిచూపు మొత్తం కేటలాగ్‌లోనే ఇరుక్కుని ఉంది.

దీనికి మందు మోటుదే. ఒక నెలకు లైసెన్స్ మళ్ళీ కట్టించాను. అన్నకి నచ్చలేదు. "బంద్ జేద్దామంటే మళ్ళ కడ్తివి" అని అందరి ముందూ ఎద్దేవా చేశాడు. లైబ్రరీ పని చందా లేకపోయినా నడిచేదే గానీ, ఎడిట్‌లలో ఏదైనా తేడా కనిపిస్తే సరిచేయడానికి డెవలప్ కావాలి. ఆ నెలలో పిక్ జెండా ఉన్న ఫొటోలన్నిటికీ ఒక కీవర్డ్, రిజెక్ట్‌కి ఇంకొకటి. ప్రతి కలెక్షన్‌లోని ఫొటోలకు ఆ కలెక్షన్ పేరే కీవర్డ్. తర్వాత అన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్, ఎస్. పెద్ద కేటలాగ్‌కి ఇది ఒక రాత్రంతా నడిచింది.

కలర్ లేబుల్ దగ్గర దెబ్బ తిన్నాం. ఎరుపు లేబుల్ పెడితే ఎక్స్‌ఎంపీలో రాసేది రంగు కాదు, ఆ రంగుకి మనం పెట్టుకున్న పేరు. మామూలుగా అది ఇంగ్లీషులో రెడ్ అని ఉంటుంది కాబట్టి మిగతా సాఫ్ట్‌వేర్లు గుర్తుపడతాయి. ఈ స్టూడియోలో ఎరుపుకి ఆల్బమ్ అని, పసుపుకి రీటచ్ అని, ఆకుపచ్చకి ఫ్రేమ్ అని పేర్లు మార్చి పెట్టుకున్నారు. కొత్త సాఫ్ట్‌వేర్‌కి ఆల్బమ్ అనే రంగు తెలియదు. అందుకని పేర్లను కీవర్డ్‌లుగా మార్చి, లేబుల్ సెట్‌ని మామూలు రంగుల పేర్లకు తెచ్చి, లేబుళ్ళు మళ్ళీ వేసి సేవ్ చేశాం. ముందే చూసుకుని ఉంటే ఒక రోజు కలిసొచ్చేది.

కీవర్డ్‌ల గొడవ

కీవర్డ్‌లు చూశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక్క తలంబ్రాలకే ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు స్పెల్లింగులు. ఒకరు టీ పక్కన హెచ్ పెడతారు, ఒకరు పెట్టరు, ఒకరు చివర రెండు ఓలు, ఇంకొకరు అంతా పెద్దక్షరాలు. జీలకర్ర బెల్లానికి ఏడు. పాతబస్తీ పెళ్ళిళ్ళవైతే నికా, వలీమాలకు ఇద్దరు ఎడిటర్లవి రెండు దారులు. వీటిని ఇంగ్లీషులోనే సరిచేద్దామని నేనంటే వదిన ఒప్పుకోలేదు. "కస్టమర్ వచ్చి అప్పగింతల ఫొటో అంటది. నేను అప్పగింతలు అని కొట్టి వెతుకుత. మీ స్పెల్లింగులు నాకెందుకు?" అంది. న్యాయమే. తెలుగులోనే పెట్టాం.

అయితే తెలుగుకి ఒక లెక్క ఉంది. ఎక్స్‌ఎంపీ యూనికోడ్‌తో నడుస్తుంది, తెలుగుకి ఏ ఇబ్బందీ లేదు. కానీ జేపెగ్‌లలో వివరాలు రాసే ఇంకా పాత ఐపీటీసీ ఖానా కూడా ఉంటుంది. అందులో ఒక కీవర్డ్‌కి హద్దు 64 బైట్లు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ మూడు బైట్లు, గుణింతం గుర్తూ పొల్లూ విడివిడిగా లెక్క. "మంగళస్నానం" 30 బైట్లు, హాయిగా పడుతుంది. వదిన రాసిన "పెళ్ళికూతురు ముస్తాబు గది" 71 బైట్లు. పాత ఖానాలో తోక తెగుతుంది. అందుకని "ముస్తాబు" అని ఒక్క మాటే ఉంచాం. అసలు పొట్టి కీవర్డే వెతకడానికి కూడా సులువు, ఆ సంగతి వదినకి నాకన్నా ముందే తెలుసు.

కీవర్డ్‌లు కలపడం లైట్‌రూమ్‌లోనే చేశాం. వదిన, నేను కూర్చుని నాలుగు మధ్యాహ్నాలు. 2,300 పైచిలుకు కీవర్డ్‌లు 410కి దిగాయి. ఈ శుభ్రం చేసే పని కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారక ముందే అయిపోవాలి. మారిన తర్వాత చేద్దాం అనుకున్నవాళ్ళెవరూ చేసినట్టు నేను చూడలేదు.

ఏ సాఫ్ట్‌వేర్ అన్నది

దీని గురించి అందరూ ఎక్కువ మాట్లాడతారు, నాకు మాత్రం ఇదే చిన్న నిర్ణయం. క్యాప్చర్ వన్ చూశాం. దానికి ఒకేసారి కొనుక్కునే లైసెన్స్ ఉంది, లైట్‌రూమ్ కేటలాగ్‌ని దిగుమతి చేసుకుంటుంది, ఎడిటింగ్ గొప్పగా ఉంటుంది. మూడు సిస్టమ్‌లకు కొనడం అన్నకి కుదరలేదు. పైగా మళ్ళీ అన్నీ ఒక కంపెనీ కేటలాగ్‌లోకే వెళ్తాయి. ఏసీడీసీ కూడా పరవాలేదు. చివరికి లైబ్రరీకి డిజికామ్, రా ఫైళ్ళ (కెమెరా నుంచి నేరుగా వచ్చే ముడి ఫొటోల) ఎడిటింగ్‌కి డార్క్‌టేబుల్ అనుకున్నాం. రెండూ ఓపెన్ సోర్స్, రెండూ ఉచితం, రెండూ విండోస్‌లో నడుస్తాయి. డిజికామ్‌ని కేడీఈ అనే ఓపెన్ సోర్స్ సమూహం రెండు దశాబ్దాలకు పైగా నడుపుతోంది. డార్క్‌టేబుల్ 2009లో మొదలైంది, 2017 చివర్లో వచ్చిన 2.4 నుంచి విండోస్‌కి ఉంది. మేం పెట్టింది 4.8.

ఉచితం కాబట్టి ఎంచుకోలేదు. డిజికామ్ స్టార్లనూ కీవర్డ్‌లనూ మొహాలనూ ఫైల్‌లోకో ఎక్స్‌ఎంపీలోకో రాయగలదు. అది కూడా రేపు ఆగిపోతే వివరాలు ఫొటో దగ్గరే ఉంటాయి. నాకు కావలసింది అదొక్కటే.

ఒక పరిమితి ముందే చెప్పాలి. డిజికామ్ నలుగురు ఒకేసారి వాడుకునేలా చేసిన వస్తువు కాదు. దాని డేటాబేస్ కూడా మామూలుగా ఎస్‌క్యూలైటే. దాన్ని నెట్‌వర్క్ డ్రైవ్‌లో పెడితే ఏదో ఒకరోజు పాడవుతుంది. అందుకని ఫొటోలు నెట్‌వర్క్ స్టోరేజ్‌లో, డేటాబేస్ మాత్రం వదిన కంప్యూటర్‌లోని ఎస్‌ఎస్‌డీలో. లైబ్రరీ అంటే ఆ ఒక్క కంప్యూటరే. ఎడిటర్లు ఫోల్డర్ తీసుకుని పని చేసి, తిరిగి అక్కడే పెడతారు.

డిస్కులు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నాం. ఏమీ ముట్టుకోకముందే మొత్తం 10 టీబీకి రెండు కాపీలు తీసి, ఒకటి అన్న ఇంటికి పంపించాం. ప్రతి రా ఫైల్‌కీ చెక్‌సమ్ (ఫైల్ కాస్త మారినా తానూ మారిపోయే గుర్తు సంఖ్య) తీసి పెట్టుకున్నాను, పని అయ్యాక ఒక్క ఫైల్ కూడా మారలేదని చూపించడానికి. ఈ కాపీలు లేకుంటే తర్వాతి భాగం వేరేలా రాయాల్సి వచ్చేది.

నా తప్పు

లాల్‌దర్వాజా బోనాల ఆదివారం. కుర్రాళ్ళిద్దరికీ సెలవు. స్టూడియోలో నేనొక్కణ్ణే. 2016 ఫోల్డర్లు డిజికామ్‌లోకి తెచ్చి చూస్తే ఒక్కదానికీ స్టార్ లేదు, కీవర్డ్ లేదు. అన్నీ బోడిగా ఉన్నాయి.

కారణం రెండు. మొదటిది, పక్కనున్న ఎక్స్‌ఎంపీ ఫైళ్ళు చదవమని డిజికామ్‌కి సెట్టింగ్స్‌లో మనమే చెప్పాలి. రెండోది పేరు. ఐఎమ్‌జీ 1234 అనే క్యానన్ రా ఫైల్‌కి లైట్‌రూమ్ రాసే ఎక్స్‌ఎంపీకి ఫైల్ పేరు మాత్రమే ఉంటుంది, సీఆర్2 అనే తోక ఉండదు. డిజికామ్, డార్క్‌టేబుల్ మామూలుగా ఆ తోకని కూడా ఉంచి, దాని తర్వాత ఎక్స్‌ఎంపీ అని చేరుస్తాయి. వాణిజ్య సాఫ్ట్‌వేర్ల పద్ధతిలో పేర్లు చూడమనే టిక్కు డిజికామ్‌లో ఉంది. రెండూ పెట్టాను.

ఇక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత ఫైళ్ళను మళ్ళీ చదివించడానికి మెయింటెనెన్స్‌లో మెటాడేటా, డేటాబేస్ సింక్ అనేది నడిపాను. దానికి రెండు దిక్కులున్నాయి. ఫైల్ నుంచి డేటాబేస్‌కి, డేటాబేస్ నుంచి ఫైల్‌కి. నేను రెండోది ఎంచుకున్నాను. అంటే, ఏమీ లేని డేటాబేస్‌లోని ఆ ఏమీలేనితనాన్ని తీసుకెళ్ళి, నిండుగా ఉన్న ఎక్స్‌ఎంపీల మీద రాయమన్నాను. బయట డప్పు చప్పుడు, లోపల ప్రోగ్రెస్ బార్ చక్కగా కదులుతోంది. అనుమానం వచ్చి ఆపేసరికి 2,300 ఫొటోల స్టార్లు తుడిచిపెట్టుకుపోయాయి.

కాపీ ఉంది కాబట్టి గంటలో తిరిగి పెట్టాను. కానీ ఆ గంట గుర్తుంటుంది. అప్పట్నించి నా పద్ధతి ఇది. కొత్త సాఫ్ట్‌వేర్ మొదటిసారి చదివి, లెక్క సరిపోయేదాకా దానికి రాసే అనుమతే ఇవ్వను. డిజికామ్‌లో రాతలన్నీ ఆపేసి చదవడం మాత్రమే ఉంచొచ్చు. వదినకి ఈ సంగతి అదే రోజు చెప్పాను. "పోయినయా, ఉన్నయా?" అంది. ఉన్నాయన్నాను. "మరెందుకు చెప్తున్నవ్" అంది.

ఇదే పేర్ల గొడవకి ఇంకో కొస ఉంది. కొన్ని పెళ్ళిళ్ళకు కెమెరాలో రా, జేపెగ్ రెండూ తీశారు. రెండిటికీ పేరు ఒకటే. తోకలేని పద్ధతిలో రెండిటికీ ఎక్స్‌ఎంపీ కూడా ఒకటే అయిపోతుంది. రా ఫైల్‌కి ఇచ్చిన స్టార్లు జేపెగ్‌కి అంటుకుంటాయి. అలాంటి పెళ్ళిళ్ళలో జేపెగ్‌లను లోపలి ఫోల్డర్‌లోకి మార్చేశాం. అంతకన్నా తెలివైన ఉపాయం నాకు తట్టలేదు.

ఎడిట్‌లు రావు

అన్నకి దీన్ని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఒక సాఫ్ట్‌వేర్‌లో హైలైట్స్ స్లైడర్‌ని మైనస్ 40 పెడితే, ఇంకోదాంట్లో మైనస్ 40కి అదే అర్థం ఉండదు. రా ఫైల్‌ని రంగులుగా మార్చే లెక్కే వేరు. డార్క్‌టేబుల్ లైట్‌రూమ్ ఎక్స్‌ఎంపీని మొదటిసారి దిగుమతి చేసుకునేటప్పుడు క్రాప్, ఎక్స్‌పోజర్, టోన్ కర్వ్ లాంటి కొన్నిటిని అనువదించడానికి ప్రయత్నిస్తుంది. అది మాకు క్రాప్‌కి పనికొచ్చింది. చర్మం రంగుకి పనికిరాలేదు. పసుపు పూసిన మంగళస్నానం ఫొటో ఒకటి పక్కపక్కన పెట్టి చూపిస్తే, సీనియర్ ఎడిటర్ మాట్లాడకుండా కుర్చీలో వెనక్కి వాలాడు.

కాబట్టి పాత ఎడిట్‌లను తరలించలేదు, కాల్చి పెట్టాం. అంటే లైట్‌రూమ్‌లోనే ఫైనల్ ఫొటోలుగా ఎక్స్‌పోర్ట్ చేశాం. ఏ ఫార్మాట్ అన్నది లెక్కే తేల్చింది. 24 మెగాపిక్సెల్ ఫొటోని 16 బిట్ టిఫ్‌గా తీస్తే కుదించకుండా ఒక్కొక్కటి 144 ఎమ్‌బీ. ఐదు స్టార్ల ఫొటోలు 31,264. అన్నీ టిఫ్ అయితే నాలుగున్నర టీబీ. జేపెగ్ అయితే 12 ఎమ్‌బీ చొప్పున 375 జీబీ. కస్టమర్ పదేళ్ళ తర్వాత వచ్చి అడిగేది ఫ్రేమ్‌కో ఫ్లెక్సీకో ఒక ఫొటో. దానికి జేపెగ్ చాలు. స్టూడియో తన పేరు కోసం చూపించుకునే 600 ఫొటోలను మాత్రం టిఫ్ తీశాం. వర్చువల్ కాపీలు, ముఖ్యంగా బ్లాక్ అండ్ వైట్‌వి, విడిగా ఫిల్టర్ చేసి వేరే పేర్లతో తీశాం. వాటిని మర్చిపోతే అవి ఇంకెక్కడా ఉండవు. రెండు రాత్రులు, ఒక పగలు కంప్యూటర్ నడిచింది. మధ్యలో వాన, కరెంటు పోయింది, యూపీఎస్ కాపాడింది.

లెక్క సరిచూడటానికి కేటలాగ్ కాపీని ఎస్‌క్యూలైట్‌లో తెరిచి, స్టార్ల వారీగా ఎన్నున్నాయో తీశాను. డిజికామ్‌లో కూడా అదే లెక్క. ఐదు స్టార్లవి అక్కడ 31,264, ఇక్కడ 31,251. తేడా 13. తొమ్మిది వర్చువల్ కాపీలు, నాలుగు ప్రశ్న గుర్తువి. ప్రతి ఒక్కటీ ఎందుకు తగ్గిందో తెలిసేదాకా పాత కేటలాగ్‌ని అటకెక్కించలేదు. చెక్‌సమ్‌లు కూడా కలిశాయి, రా ఫైళ్ళు ఒక్కటీ కదల్లేదు.

ఇప్పుడు ఎలా నడుస్తోంది

పూర్తిగా చందా లేకుండా అయిందా అంటే కాలేదు. ఆల్బమ్ డిజైనింగ్ అంతా ఫొటోషాప్‌లో, కొనుక్కున్న పీఎస్‌డీ టెంప్లేట్లతో నడుస్తుంది. ల్యాబ్‌కి పంపేదీ దాని నుంచే. దాన్ని మార్చే ఆలోచన ఎవరికీ లేదు, నాకూ లేదు. ఫొటోషాప్ వచ్చే ఫొటోగ్రఫీ ప్లాన్‌లోనే లైట్‌రూమ్ క్లాసిక్ కూడా వస్తుంది. కాబట్టి మూడు లైసెన్సులు ఒకటయ్యాయి, సున్నా కాలేదు. మొదటి ఏడాది మిగిలిన డబ్బు డిస్కులకీ నాకూ పోయింది. డబ్బు మిగులుతుందనే ఒక్క ఆశతో ఈ పని మొదలుపెట్టే స్టూడియోలకు నేను ఈ లెక్క ముందే చూపిస్తాను. కొందరు అక్కడే ఆగిపోతారు. తప్పేం లేదు. వాళ్ళు ఎక్స్‌ఎంపీ టిక్కు ఒక్కటి పెట్టుకుని పోయినా సగం పని అయినట్టే.

చిన్న ఎడిటర్ డార్క్‌టేబుల్‌కి అలవాటు పడ్డాడు. మొదటి రెండు వారాలు తిట్టుకున్నాడు, మూడో వారం తన స్టైల్‌లు తయారుచేసుకున్నాడు. శ్రావణంలో మొదటి పెళ్ళికి అతనికి మామూలు కన్నా ఒకటిన్నర రెట్లు టైమ్ పట్టింది. మాఘానికి దాదాపు సమానమైంది. సీనియర్ మాత్రం మారలేదు. పదేళ్ళ ప్రీసెట్లు (ముందే దాచుకున్న ఎడిట్ సెట్టింగులు), చేతికి పడిన అలవాటు. "అన్నా, నా వల్ల కాదు" అని నిక్కచ్చిగా చెప్పాడు. బలవంతం చేయొద్దని నేనే అన్నాను. మిగిలిన ఆ ఒక్క లైసెన్స్ అతని సిస్టమ్‌లోనే ఉంది. షరతు ఒక్కటే, ఎక్స్‌ఎంపీ ఆటోమేటిక్‌గా రాయాలి, జెండాలు వాడకూడదు, స్టార్లే వాడాలి. రెండుసార్లు జెండాలు వాడాడు. రెండుసార్లూ వదిన పట్టుకుంది.

లైబ్రరీ ఇప్పుడు వదినది. డిజికామ్ మొహాలు గుర్తుపట్టే పని కంప్యూటర్‌లోనే చేస్తుంది, ఏదీ బయటికి పోదు. ఇతరుల ఇళ్ళ ఆడపిల్లల ఫొటోలు కాబట్టి ఆ మాట వదినకి ముఖ్యం. గుర్తుపట్టడం నూటికి నూరు కాదు. పూలజడ, బాసికం, మేకప్ ఉంటే పెళ్ళికూతుళ్ళందర్నీ ఒకేలా చూస్తుంది. ముసలివాళ్ళను మాత్రం బాగా పట్టుకుంటోంది. ఫోన్లు ఎక్కువగా వచ్చేది వాళ్ళ ఫొటోల కోసమే కాబట్టి ఫిర్యాదు లేదు.

పాత కేటలాగ్‌లు మూడూ ఒక డిస్క్‌లో పెట్టి, పైన తేదీ రాసి, బీరువాలో ఉంచాం. డబ్బు కట్టే అకౌంట్ ఇప్పుడు అన్న సొంత మెయిల్ మీదికి మారింది, కార్డు గడువు గోడమీద క్యాలెండర్‌లో రాసి ఉంది. ప్రశ్న గుర్తువి ఇంకా 140 దాకా ఉన్నాయి. అన్న తమ్ముడు వరంగల్‌లో ఉంటాడు, 2015లో తీసుకెళ్ళిన ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి వాళ్ళింట్లో ఉందట. దసరాకి తెస్తానన్నాడు. పోయిన దసరాకీ అదే అన్నాడు.